నీలం చొక్కాల మునాఫ్

జట్టుతో బయటి దేశం పోయినప్పుడల్లా ఎయిర్‌పోర్టులో మునాఫన్న ఒక్కడే పక్క లైన్లో నిలబడతాడు. ఆటగాళ్ళంతా గల్ఫు పాస్‌పోర్టుల కౌంటర్ దగ్గర నిమిషంలో ముద్ర వేయించుకొని అవతలికి పోతారు. ఈయన చేతిలో ఇండియా పాస్‌పోర్టు. ఒంటి మీద కువైట్ గుర్తు కుట్టిన నీలం ట్రాక్‌సూటు. కౌంటర్లో ఆఫీసరు ఒకసారి గుర్తు వైపు, ఒకసారి పాస్‌పోర్టు వైపు చూసి, "నువ్వు కువైటీవా?" అని అడుగుతాడు.

"కాదు సార్. కువైట్ జట్టు మనిషిని."

ఈ జవాబు ఎన్ని దేశాల్లో చెప్పాడో ఆయనకే గుర్తు లేదు. చెప్పేటప్పుడు గొంతులో బాధ ఉండదు, గొప్పా ఉండదు. ఉన్నమాట చెప్పినట్టు చెప్తాడు.

నా పేరు మునీంద్ర. మాది లక్కిరెడ్డిపల్లె దగ్గర. కువైట్‌లో అహ్మది పక్కన ఒక క్లబ్బుకు బస్సు తోల్తాను. జాతీయ జట్టు క్యాంపు పెట్టినప్పుడు వాళ్ళ బస్సు కూడా నాకే ఇస్తారు. ఫుట్‌బాల్ గురించి నాకు తెలిసిందంతా వెనక సీట్లలోంచి విన్నదీ, మునాఫన్న చెప్పిందీనే. మా ఊర్లో మేము వాలీబాల్ వాళ్ళం.

మునాఫన్న పుట్టింది అహ్మదిలో. వాళ్ళ నాయన అల్లాబకష్ రాయచోటి నుంచి వచ్చి ఆయిల్ కంపెనీ కాంట్రాక్టరు దగ్గర లారీ డ్రైవరుగా చేరాడు. తర్వాత భార్య బషీరా బీని కూడా పిలిపించుకున్నాడు. అప్పట్లో పెళ్ళాన్ని తెచ్చుకోవడం ఇప్పటంత కష్టం కాదంట. ఆ ఇంట్లో ఒక్కడే కొడుకు. ఇంట్లో తెలుగూ ఉర్దూ, వాకిలి దాటితే అరబ్బీ.

ఎనభై రెండులో కువైట్ వరల్డ్ కప్పు ఆడింది. ఒక జిల్లా అంత ఉండే దేశం. దానికి రెండేళ్ళ ముందే ఆసియా కప్పు సొంత గడ్డ మీద గెలిచింది, ఆ ఊపులోనే స్పెయిన్ దాకా పోయింది. అరబ్బు గల్ఫు దేశాల్లో అంత దూరం పోయిన మొదటి జట్టు అదే. మొదటి ఆట రోజు అల్లాబకష్ కొడుకును భుజాల మీద ఎక్కించుకొని కంపెనీ క్యాంటీనుకు తీసుకుపోయాడు. అక్కడ ఒకే టీవీ. ఈజిప్టు వాళ్ళు, పాలస్తీనా వాళ్ళు, పాకిస్తానీలు, మనవాళ్ళు, అందరి కళ్ళూ దాని మీదే. చెకోస్లొవేకియా ముందు గోల్ కొట్టింది. రెండో సగంలో కువైట్ వాడొకడు దూరం నుంచి కొట్టిన బంతి పోయి వల్లో పడింది. క్యాంటీన్లో ప్లేట్లు ఎగిరిపోయినాయంట. ఆట ఒకటి ఒకటితో సమంగా ముగిసింది.

"నాయనా, మనోళ్ళు బాగా ఆడినారు గదా?" అన్నాడు పిల్లోడు ఇంటికి పోతూ.

"మనోళ్ళు కాదురా, వాళ్ళు. మనం పనికొచ్చినోళ్ళం."

"నేను పనికి రాలేదు గదా. ఈడే పుట్టినా."

అల్లాబకష్ వాణ్ణి మళ్ళీ భుజాల మీదికి ఎక్కించుకున్నాడు. ఆ తర్వాత రెండు ఆటలూ ఓడి కువైట్ ఇంటికొచ్చింది. మళ్ళీ ఇంతవరకూ వరల్డ్ కప్పుకు పోలేదు.

వాళ్ళ లైన్ ఇళ్ళ వెనక ఇసుక మైదానం ఉండేది. రెండు డ్రమ్ములు పెట్టి గోల్ అనుకునేవాళ్ళు. ఆడ మునాఫన్నకు ఒక కువైటీ పిల్లోడు జతయ్యాడు, పేరు మిషాల్. వాళ్ళ నాయన కంపెనీలో ఫోర్‌మన్. మిషాల్ గోలీ, అంటే గోల్‌కీపరు; మునాఫ్ ఎడమకాలు ఆటగాడు. స్కూల్ వదిలినాక పొద్దు మునిగే దాకా మిషాల్ కాపలా కాయడం, ఈయన కొట్టడం. మిషాల్ ఇప్పటికీ చెప్తాడు: "వీని బంతి ఎటు పోతుందో వీని కాలికి తెలుసు, నాకు తెలిసేది కాదు."

తొంభైలో ఇరాక్ సైన్యం వచ్చిపడింది. మునాఫ్‌కు అప్పుడు పదహారేళ్ళు. అల్లాబకష్ కొన్ని వారాలు చూసి, ఇంక లాభం లేదని పెళ్ళాం బిడ్డతో బస్సెక్కాడు. ఇరాక్ మీదుగా జోర్డాన్, అక్కడ డేరాల్లో కొన్నాళ్ళు, తర్వాత విమానంలో బొంబాయి. రాయచోటిలో దిగినప్పుడు మునాఫ్ తెలుగు విని వీధిలో పిల్లోళ్ళు నవ్వినారంట. అందరూ క్రికెట్టు ఆడుతున్నారు. ఈయన బంతిని కాలితో తన్నితే, "ఏందిరా, చేతులు లేవా నీకు?" అన్నారు.

యుద్ధం ముగిసింది. అల్లాబకష్ మళ్ళీ పోనన్నాడు. బజారులో పంక్చర్ల అంగడి పెట్టుకున్నాడు. మునాఫ్ మాత్రం పోతానని పట్టుబట్టాడు. పుట్టిన చోటికే అయినా పుట్టినవాడిగా రానియ్యలేదు. ఏజెంటు ద్వారా క్లీనర్ వీసా మీద వచ్చాడు. కొత్త ఇఖామా, అంటే ఆడ ఉండి పనిచేసుకోవడానికిచ్చే కార్డు, కొత్త వేలిముద్రలు. అహ్మదిలో చెట్లకింకా ఆయిల్ బావుల పొగ మసి అంటుకొనే ఉంది. ఇసుక మైదానంలో పేలకుండా మిగిలిన బాంబులు ఉంటాయని చుట్టూ తీగ కట్టేశారు.

మొదటి శుక్రవారమే మిషాల్ ఇల్లు వెతుక్కుంటూ పోయాడు. మిషాల్ ఇల్లు మారలేదు. తలుపు తీసి, ఎదురుగా మునాఫ్‌ను చూసి, లోపలికి పోయి బంతి తెచ్చాడంట.

అప్పటికి మిషాల్ క్లబ్బులో చేరి ఉన్నాడు. ఒక సాయంత్రం మునాఫ్‌ను కూడా వెంట తీసుకుపోయాడు. కోచ్ యుగోస్లావియా వైపు నుంచి వచ్చినవాడు, పెద్ద వయసు, కోపం మనిషి. సరే ఆడనియ్యి అన్నాడు. అరగంట అనుకున్నది ఆట అయ్యేదాకా ఉంచాడు. చివర్లో పిలిచి భుజం మీద చెయ్యి వేసి, "రేపు నీ కాగితాలు తీసుకురా, జిన్సియా కూడా" అన్నాడు. జిన్సియా అంటే ఆ దేశం పౌరుడని చెప్పే పత్రం, ఆడ పుట్టినంత మాత్రాన ఇవ్వరు.

"నాకు జిన్సియా లేదు. నేను హిందీ" అన్నాడు మునాఫ్. అరబ్బీలో హిందీ అంటే ఇండియా వాడని.

"ఈ అరబ్బీ ఎక్కడ నేర్చుకున్నావ్?"

"ఈడే. ఈడే పుట్టినా."

కోచ్ మిషాల్ వైపు చూశాడు. తర్వాత మైదానం వైపు చూశాడు. "ఖలాస్" అన్నాడు. కోపంగా కాదు. తలుపు మూసుకుపోయినప్పుడు ఎవరో ఒకరు చెప్పాలి కాబట్టి చెప్పినట్టు.

ఆ రోజు మిషాల్ తన కారులోనే ఇంటి దాకా దింపాడంట. దిగేటప్పుడు మిషాల్ అన్నాడు: "బట్టల గదిలో పని ఖాళీ ఉంది. అడగడానికి నాకే సిగ్గుగా ఉంది. అయినా అడుగుతున్నా."

మునాఫన్న ఆ రాత్రంతా ఆలోచించాడనీ, ఏడ్చాడనీ నేను రాయలేను. ఆయన ఎప్పుడూ అట్లా చెప్పలేదు. చెప్పిందల్లా ఇంతే: "మునీంద్రా, మైదానానికి రెండు తలుపులుండాయి. ఒకటి మూసినారు. రెండోది తీసిపెట్టినాడు నా స్నేహితుడు. లోపలికి పోవడమా, బయట నిలబడి ఏడవడమా? నేను లోపలికి పోయినా."

ఇంటికి క్యాసెట్టులో మాట రికార్డు చేసి పంపాడు. బషీరా బీ తిరుగు క్యాసెట్టు పంపింది: "అంత దూరం పోయింది మగోళ్ళ నిక్కర్లు ఉతకడానికా నాయనా? ఈడ మనకు గుడ్డలు లేకనా?"

ఉతకడమే మొదలు. కానీ ఉతకడంతో అయ్యే పని కాదది. దాన్ని కిట్‌మ్యాన్ అంటారు. చొక్కా, నిక్కరు, మేజోళ్ళు, బూట్లు, గ్లౌజులు, బంతులు, అన్నీ ఆయన చేతి మీదుగానే పోవాలి. ఆట రోజు ఆటగాళ్ళకంటే ముందు గదిలోకి పోయి ఎవరి కొక్కేనికి వాళ్ళ చొక్కా తగిలించాలి, నంబరు కనబడేటట్టు. ఒకడు మేజోళ్ళు కోసి వేసుకుంటాడు, ఒకడికి పాత బూట్లే కావాలి, ఒకడు ఎడమ బూటు ముందు ఇస్తేనే తొడుగుతాడు. వాన పడితే అడుగున పొడుగు గుబ్బల బూట్లు. సగం ఆట అయినాక విరామంలో, పన్నెండు నిమిషాల్లో తడిసిన బట్టలు పోయి పొడి బట్టలు రావాలి. ఇవన్నీ నేర్చుకున్నాడు. నేర్చుకున్నాక క్లబ్బులో ఆయన్ని మార్చే ఆలోచన ఎవరికీ రాలేదు. మిషాల్ ఆట మానేసి జట్టు నడిపించే ఆఫీసు పనిలోకి పోయినప్పుడు, జాతీయ జట్టు క్యాంపుకు కూడా మునాఫన్ననే పిలిపించాడు.

నేను వచ్చింది ఆ రోజుల్లోనే. మొదటిసారి ఆయన జాతీయ జట్టు నీలం చొక్కాల సంచి బస్సులో పెడుతూ ఉంటే చూశాను. క్లబ్బు సంచులు విసిరేసే మనిషి, ఇది మాత్రం ఒళ్ళో పెట్టుకొని కూర్చున్నాడు.

"కింద పెట్టన్నా, జారిపోదులే" అన్నాను.

"నువ్వు బండి చూసి తోలు" అన్నాడు.

రెండు వేల పదిలో గల్ఫు కప్పు ఏడెన్‌లో జరిగింది. గల్ఫు దేశాలు తమలో తాము ఆడుకునే పోటీ అది. అందరికంటే ఎక్కువసార్లు గెలిచింది కువైటే. ఆ ఏడు పదోసారి గెలిచింది, సౌదీ మీద ఒక్క గోల్‌తో. మునాఫన్న ఆడ ఉన్నాడు. కప్పుతో తీసిన ఫోటో తర్వాత గోడకు అతికించారు, అందులో డాక్టరు ఉన్నాడు, నీళ్ళ సీసాలు మోసేవాడు ఉన్నాడు, మునాఫన్న లేడు.

"నువ్వెక్కడన్నా?" అని అడిగాను.

"ఎవడో మన గోలీ చొక్కా లాక్కొని పరిగెత్తినాడు. వాని వెనక నేను పరిగెత్తినా."

"దొరికినాడా?"

"దొరక్కేం. నేను ఎడమవైపు ఆటగాణ్ణి."

మునాఫన్న పెళ్ళి అంతకు చాలా ముందే అయింది. రేహానా వదినది కూడా రాయచోటే. ఇద్దరు కూతుళ్ళు. రెండేళ్ళకొకసారి సెలవు మీద పోయి వచ్చేవాడు. పోయిన ప్రతిసారీ గల్ఫు కప్పో, ఏదో క్యాంపో అడ్డొచ్చి ముందే తిరిగొచ్చేవాడు. ఆ విషయం వదిన మరిచిపోయే మనిషి కాదు.

రెండు వేల పదిహేను అక్టోబర్లో దెబ్బ తగిలింది. ప్రపంచ ఫుట్‌బాల్‌ను నడిపే సంస్థ కువైట్‌ను నిలిపేసింది. ఆటల సంఘాల్లో ప్రభుత్వం చెయ్యి పెట్టగూడదని వాళ్ళ నియమం, ఇక్కడి చట్టం దానికి కుదరలేదని వాళ్ళ మాట. ఇంతకుముందు కూడా నిలిపారు గానీ తొందరగానే ఎత్తేశారు. ఈసారి ఎత్తలేదు. వరల్డ్ కప్పు అర్హత పోటీలు సగంలో ఉన్నాయి. ఆడకుండానే ఓడినట్టు రాసేశారు. జట్టుంది, ఆటగాళ్ళున్నారు, ఆడటానికి ఎవరూ లేరు. దేశంలో క్లబ్బులు తమలో తాము ఆడుకున్నాయి. నీలం చొక్కా మాత్రం ఎవరూ తొడగలేదు.

క్యాంపు మూశారు. క్లబ్బు కూడా మనుషుల్ని తగ్గించింది. ఇద్దరు కిట్‌మ్యాన్లు ఎందుకని పెద్దవాణ్ణి పొమ్మన్నారు. మునాఫన్న కువైట్ సిటీలో ఒక హోటల్ లాండ్రీలో చేరాడు, ఇఖామా అక్కడికి మార్చుకున్నాడు. దుప్పట్లు, తువ్వాళ్ళు. చల్లని గది, మెషిన్లే అన్నీ చేస్తాయి. "పని సుఖం" అన్నాడు నాతో. అన్నం మెతుకులు వేళ్ళతో తోస్తూ అన్నాడు.

రేహానా వదిన ఫోన్లో సంతోషపడింది. "ఇంకన్నా సెలవు సెలవులాగ వస్తావు. ఆడని టీముకు ఉతికే బట్టలేముంటాయి?"

ఉన్నాయి. క్యాంపు గోడౌనులో నీలం చొక్కాలు, బూట్లు, వలలు, బంతులు తాళం వేసి ఉన్నాయి. ఎండాకాలం ఆ గదిలో ఏసీ నడిపేవాళ్ళు లేరు. బూటు అడుగు అంటించిన జిగురు వేడికి కరిగిపోతుందని, తేమకు గుడ్డ మీద బూజు పడుతుందని మునాఫన్నకు తెలుసు. ఒక శుక్రవారం మిషాల్ దగ్గరికి పోయి తాళం చెవి అడిగాడు.

"ఎప్పుడు ఎత్తేస్తారో దేవుడికే తెలియదు మునాఫ్. ఎత్తినాక కొత్తవి కొనుక్కుంటాం."

"కొనే టైమ్ ఇస్తారని నీకు ఎవరు చెప్పినారు?"

మిషాల్ తాళం చెవి ఇచ్చాడు. అప్పటినుంచి సెలవు దొరికిన శుక్రవారాల్లో ఆయన నమాజు ముగించుకొని వస్తే ఇద్దరం పోయేవాళ్ళం. నేను ఎందుకు పోయానంటే, ఆయన్ని తీసుకుపోవడానికి బండి కావాలి కాబట్టి. తలుపులు తెరిచి గాలి పెట్టేవాళ్ళం. చొక్కాలు తాడు మీద ఆరేసి మళ్ళీ మడిచేవాళ్ళం. బంతుల్లో గాలి కొద్దికొద్దిగా నింపేవాళ్ళం, పూర్తిగా దిగిపోతే లోపలి రబ్బరు అతుక్కుపోతుందని. మొదట్లో నాకు విసుగొచ్చేది. ఒకరోజు అడిగేశాను.

"అన్నా, ఇది ఎవురు చూస్తాండారని చేస్తాండావు?"

"ఎవురూ చూడరు."

"మరి?"

ఆయన వల చిక్కు తీస్తున్నాడు. తల ఎత్తలేదు. "ఆట నిలిపే పని వాళ్ళది. అది వాళ్ళు చేసినారు. ఆట మొదలైతే సిద్ధంగా ఉండే పని నాది. అది నేను చేస్తా."

ఒక ఎండాకాలం పోయింది, ఇంకోటి పోయింది. హోటల్లో ఆయనకు సూపర్‌వైజర్‌గా పదోన్నతి ఇచ్చారు. ఆ పనిలో చేరాక మొదటిసారి, రెండు వేల పదిహేడు డిసెంబర్‌కు నెల రోజుల సెలవు కావాలని కాగితం పెట్టాడు. టికెట్టు కొన్నాడు. పెద్ద కూతురు తిరుపతిలో నర్సింగు చదువుతోంది, ఆమె కూడా ఇంటికొస్తానంది. రేహానా వదిన గోడలకు సున్నం కొట్టించింది.

డిసెంబర్ మొదట్లో నిషేధం ఎత్తేశారు. దాంతోపాటే ఇంకో కబురు: ఖతర్‌లో జరగాల్సిన గల్ఫు కప్పు కువైట్‌కు మార్చారు. మొదటి ఆటకు రెండు వారాలే గడువు. రెండేళ్ళుగా కలిసి ఆడని జట్టు, సొంత జనం ముందు.

మిషాల్ హోటలుకే వచ్చాడు. లాండ్రీ వెనక తలుపు దగ్గర నిలబడి, "నువ్వు రావాల" అన్నాడు.

"నాకు శనివారం ఫ్లైటు ఉండాది."

అడిగే హక్కు తనకు లేదని మిషాల్‌కు తెలుసు. "సరే, వేరే వాణ్ణి చూస్తాలే" అని పోబోయాడు.

"నిలబడు" అన్నాడు మునాఫన్న. "నేను ఇంటికి ఫోన్ చేయాల."

ఆ ఫోను ఆయన నా బస్సులో కూర్చొని చేశాడు. స్పీకర్ పెట్టకపోయినా వదిన గొంతు నాకు వినబడింది.

"సెలవు ఈడ వాడుకోవాలని అనుకుంటాండా రేహానా. జట్టుకు మళ్ళీ ఆట వచ్చింది."

అవతల గిన్నె కింద పెట్టిన చప్పుడు. తర్వాత, "ఆ జట్టు నీకేమైతాది? చెప్పు. పుట్టినోనివని కాగితం ఇచ్చిందా? నువ్వు ముసలోనివైతే అన్నం పెడతాదా?"

"పెట్టదు."

"మరేమొస్తాది నీకు?"

"నాకేం రాదు. వాళ్ళకు చొక్కాలుంటాయి."

"నేను మూడేండ్లు ఎదురుచూసినా."

"తెలుసు. తప్పు నాదే. ఫిబ్రవరిలో వస్తా. జీతం లేని సెలవైనా పెట్టి వస్తా."

"రా, రాకపో" అని వదిన పెట్టేసింది. ఆయన ఫోను జేబులో పెట్టుకున్నాడు. తర్వాత, "బండి తీయి. గోడౌనుకు పోదాం" అన్నాడు.

తెలిసినవాళ్ళు కొందరు, కొత్తవాళ్ళు కొందరు జట్టులోకొచ్చారు. ప్రాక్టీసు మర్నాడే మొదలైంది. బూజు పట్టని చొక్కాలు, అడుగు ఊడని బూట్లు, గాలి నిండిన బంతులు బస్సులో ఎక్కించాం. రెండేళ్ళు మూతబడిన గది నుంచి ఇట్లా ఎట్లా వచ్చినాయని కొత్త కోచ్ మిషాల్‌ను అడిగాడు. మిషాల్ వేలు చూపించాడు. కోచ్ వచ్చి మునాఫన్నకు చెయ్యిచ్చాడు. మునాఫన్న చెయ్యి కలిపి, "ఎనిమిదో నంబరు కాలు సైజు కనుక్కోవాల సార్" అన్నాడు.

పోటీకి కొత్త చొక్కాలు కావాలి, పాతవి ప్రాక్టీసుకే. జట్టు ఎవరో తేలకముందే తెప్పించాల్సి రావడంతో కొలతలు ఎవరివి ఎవరికో అయినాయి. సన్నటి పిల్లలకు గోనెసంచుల్లాగ వేలాడాయి. ఆట ఇంకో మూడు రోజులుంది. మునాఫన్న సంచి భుజాన వేసుకొని ఫహాహీల్‌లో బుడేన్‌బీ దగ్గరికి పోయాడు. ఆమెది గాలివీడు, అబాయాలు, ఆడోళ్ళు బట్టల మీద వేసుకునే నల్ల అంగీలు, కుట్టే అంగట్లో పని. అంగడి యజమాని ఒప్పుకున్నాక మెషిన్ ముందు కూర్చొని చొక్కా రెండు చేతులతో సాగదీసి చూసింది.

"ఇది సాగే గుడ్డ అన్నా. మామూలు సూదితో కుడితే ఆటలో పటుక్కున తెగుతాది. సూది మార్చాల, కుట్టు మార్చాల."

"మార్చు. నంబరు మీదికి కుట్టు పోగూడదు."

"ఇవి తొడుక్కొని వీళ్ళు గెలుస్తారా?"

"అది నా పని కాదు, నీ పని కాదు. చంకలో పట్టగూడదు, అంతే."

ఆమె నవ్వి సూది మార్చింది. రెండు పగళ్ళు కుట్టింది. ఆయన పక్కనే పీట మీద కూర్చొని ఒక్కోటీ తిప్పి చూసి మడతపెట్టాడు.

మొదటి ఆట శుక్రవారం, సౌదీతో. జాబిర్ స్టేడియం నిండిపోయింది. అరవై వేల గొంతులు ఒక్కసారి అరిస్తే బస్సు అద్దాలు వణికినాయి, నేను పార్కింగులో ఉన్నా తెలిసింది. కువైట్ రెండు ఒకటితో ఓడింది. రెండో ఆట ఒమన్‌తో, ఒక్క గోల్‌తో ఓడింది. మూడోది యూఏఈతో సమంగా ముగిసింది. అంతే. సొంత గడ్డ మీద, మొదటి మెట్టులోనే బయటికి.

ఒమన్ ఆట తర్వాత సంచులు మోయడానికి నేను లోపలికి పోయాను. వెనక వరసలో ఆడే పొడుగాటి మనిషి, మొదటిసారి జట్టులోకి వచ్చినవాడు, చొక్కా విప్పి నేలకేసి కొట్టి ముఖం చేతుల్లో పెట్టుకున్నాడు. మునాఫన్న వంగి ఆ చొక్కా తీసుకొని దులిపి, ఆయన పక్కన కూర్చున్నాడు. అరబ్బీలో మెల్లగా అన్నాడు:

"రెండేళ్ళు ఈ గదిలో ఇట్లా ఏడ్చే మనిషి కూడా లేడు. ఓడిపోవాలన్నా ఆడాల గదా తమ్ముడా. లే. స్నానం చెయ్యి. యూఏఈ ఆటకు దీన్ని ఉతికి పెడతా."

ఆ మనిషి లేచాడు.

చెప్పినట్టే మునాఫన్న ఫిబ్రవరిలో ఇంటికి పోయాడు. వదిన బస్టాండుకు రాలేదు. మొదటి వారం అన్నం పెట్టి పక్కకు పోయేదంట. కూతుళ్ళే మధ్యలో మాటలు మోశారు. ఆయన బతిమాలలేదు, వాదించలేదు. ఇంటి వెనక కూలిపోయిన ప్రహరీ కట్టించి, సెలవు ముగిసేదాకా ఉండి వచ్చాడు. ఈసారి ముందుగా రాలేదు. అది వదిన గమనించింది.

జట్టు పని మళ్ళీ పూర్తిగా దొరికింది. మిషాల్ ఇఖామా మార్పించాడు. ఏళ్ళు గడిచినాయి. ఓటములే ఎక్కువ. ఒక్కోసారి నాకే విసుగొచ్చేది: "ఏందన్నా మన జట్టు ఇట్లయింది?" ఆయన తర్వాతి ఆట ఎక్కడో, ఆడ ఎండా వానా కనుక్కునేవాడు.

రెండు వేల ఇరవై నాలుగు డిసెంబర్లో గల్ఫు కప్పు మళ్ళీ కువైట్‌కు వచ్చింది. ఆ ఏడాదే కుటుంబాల విజిట్ వీసాలు తిరిగి ఇవ్వడం మొదలుపెట్టారు. మిషాల్ తిరగని ఆఫీసు లేదు. రేహానా వదిన మొదటిసారి కువైట్‌లో దిగింది. యాభై ఏళ్ళ మొగుడు పుట్టిన ఊరు చూడటానికి.

యూఏఈతో ఆట రోజు ఆమెను స్టేడియంలో నా పక్కన కూర్చోబెట్టాడు. చలి, శాలువా కప్పుకొని కూర్చుంది. "యాడుండాడు?" అని పది సార్లు అడిగింది. ఆట మొదలు కాకముందు ఒక్క నిమిషం కనబడ్డాడు, సంచి భుజాన వేసుకొని గీత పక్కన నడుస్తూ.

"ఈ నడక కోసమేనా ఇన్నేండ్లు?" అంది.

"అవును వదినా" అన్నాను.

కువైట్ ఒక గోల్ కొట్టింది. యూఏఈ సమం చేసింది. అందరూ బంతిని చూస్తున్నారు, వదిన బెంచీ చివర్నే చూస్తోంది. ఒక ఆటగాని చొక్కా చిరిగింది. బెంచీ దగ్గరికి పరిగెత్తుకొచ్చేలోపే మునాఫన్న అదే నంబరుతో ఇంకోటి చేతులు దూర్చడానికి వీలుగా పట్టుకొని నిలబడి ఉన్నాడు. వాడు తల దూర్చి మళ్ళీ పరిగెత్తాడు. కన్ను మూసి తెరిచేంతలో అయిపోయింది. వదిన నా చెయ్యి పట్టుకుంది.

"వాడు చినిగిందని చెప్పినాడా?"

"లేదు వదినా. అన్న ముందే చూసినాడు."

ఆమె శాలువా సర్దుకుంది. ఆట చివరికొచ్చాక కువైట్ రెండో గోల్ కొట్టింది. మొత్తం స్టేడియం లేచింది. లేచి నిలబడిన జనంలో వదిన కూడా ఉంది. ఎందుకు అరుస్తున్నారో ఆమెకు పూర్తిగా తెలుసని నేననుకోను, కానీ అరిచింది.

సెమీఫైనల్లో బహ్రెయిన్ చేతిలో ఒక్క గోల్‌తో ఓడిపోయారు. ఆ ఏడూ కప్పు రాలేదు.

మరుసటి రోజు పొద్దున నేను వదినను క్యాంపుకు తీసుకుపోయాను, ఆయనకు టిఫిన్ ఇవ్వాలని ఆమె అంటే. లాండ్రీలో మెషిన్లు తిరుగుతున్నాయి. బల్ల మీద ఉతికిన నీలం చొక్కాల గుట్ట, పక్కన జట్టు రెండో రంగు తెల్లవి. వదిన టిఫిన్ పక్కన పెట్టి, చేతులు తుడుచుకొని, ఒక చొక్కా తీసి చీర మడిచినట్టు నీటుగా మడిచింది. మునాఫన్న అది తీసి విప్పేశాడు.

"ఏం, బాగలేదా?"

"నంబరు పైకి రావాల. వాళ్ళు వెతుక్కోగూడదు. ఇట్ల." చేసి చూపించాడు.

ఆమె ఇంకోటి తీసుకుంది. ఈసారి నంబరు పైకి వచ్చింది గానీ చేతులు బయటికి వేలాడాయి. ఆయన తల అడ్డంగా ఊపాడు. ఆమె కోపంగా చూసి మళ్ళీ విప్పింది. మిషాల్ తలుపులోంచి తల పెట్టి, వరల్డ్ కప్పు అర్హత ఆటలు మార్చిలో ఉన్నాయి, క్యాంపు ముందే పెట్టాలనుకుంటున్నారని చెప్పి పోయాడు.

"మార్చి అంటే ఇంకెంతో లేదు" అంది వదిన. "ఆ తెల్లవి కూడా ఇటియ్యి."